పుస్తకంలో లేని గాడిద

చిలకలగూడ,
22 జూన్ 2025.

అక్కకు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నువ్వు అడగకపోయినా చెబుతున్నాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటి అంటావు. మనం ఫోన్లో మాట్లాడితే ఎట్లుంటుందో నీకు తెలుసు. బోనాల చందా దగ్గర షురూ చేసి, బాపు పోయిననాడు ఎవరు ఆలస్యంగా వచ్చారు అన్నదాకా పోతాం. మాది రెండు గదుల ఇల్లు. నేను అరిస్తే పిల్ల వింటుంది. అందుకని కాగితం.

పిల్ల వచ్చేసింది. కరోనా అప్పుడు రాధికకు ఆస్పత్రిలో డ్యూటీలని, మూడేళ్ల పిల్లను కాకినాడలో వాళ్లమ్మ దగ్గర దింపి వచ్చాం కదా. నెల అనుకున్నది ఐదేళ్లయింది. ఇప్పుడు అత్తమ్మకు మోకాళ్లు పట్టేశాయి. సృజనకు ఎనిమిదేళ్లు నిండాయి. మొన్న స్కూళ్లు తెరిచే ముందు తీసుకొచ్చాం.

రాధికతో బాగానే ఉంటుంది. తను రోజూ పిల్లకు వీడియో కాల్ చేసేది కదా. నేను ఫోన్లో "బాగున్నవా, అన్నం తిన్నవా" అని అడిగి రాధికకు ఇచ్చేవాణ్ని. ఇప్పుడు తెలుస్తోంది. నన్ను "నాన్నగారండీ" అంటుంది. నేను గదిలోకి వస్తే లేచి నిలబడుతుంది. మొన్న మంచినీళ్లు ఇవ్వబోతే "మీకెందుకండీ శ్రమ" అంది. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో ఇన్నేళ్లు కూర్చున్నాను, నాతో ఎవరూ ఇంత మర్యాదగా మాట్లాడలేదు. తెచ్చుకున్న బ్యాగు ఇంకా విప్పలేదు. దసరా సెలవులకు అమ్మమ్మ దగ్గరికి పోతానని, ఇక అక్కడే ఉంటానని చెప్పింది. అలిగి కాదు. బండి ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పింది.

నాకు ఒక్కటే దారి కనబడుతోంది. అత్తమ్మ చలవ వల్ల పిల్లకు తెలుగు చదవడం బాగా వచ్చు. బాపు బైండు చేయించిన మన చిన్నప్పటి గోరింక పత్రికలు నీ అటక మీద ఉన్నాయి కదా, పంపు. ముఖ్యంగా 'ఏటి అవతలి కోట' సీరియల్ వచ్చినవి. అందులో దొర ఉన్నాడు కదా, ఆ గాడిద. ఎండకు గొడుగు పట్టనిదే అడుగు వేయడు, ఎవరైనా "ఓయ్" అంటే పలకడు. దొరను చూస్తే ఎవరైనా నవ్వాల్సిందే. పిల్లకు ఇప్పటికే మాటిచ్చేశాను.

బావకు షుగరు ఎట్లుంది?

నీ తమ్ముడు,
తిరుమల్


మంచిర్యాల,
30 జూన్ 2025.

తమ్మీ,

ఉత్తరం చేరింది. అందులో కూడా బాపు పోయిననాటి మాట ఎత్తావు. నేను ఆలస్యంగా రాలేదు, బస్సు ఆలస్యంగా వచ్చింది. అది పక్కన పెట్టు.

రెండు బైండు పుస్తకాలు బస్సు కార్గోలో వేయించాను. జూబిలీ బస్టాండులో తీసుకో. మీ బావ స్వయంగా మోసుకెళ్లి వేసి వచ్చాడు, వస్తూ వస్తూ మిర్చిబజ్జీలు తిన్నాడు. షుగరు సంగతి అడిగావు కదా, అదీ సంగతి.

ఇక జాగ్రత్తలు. వేలికి ఉమ్మి రాసి పేజీ తిప్పొద్దు. పేజీ మూల మడవొద్దు. తింటూ చదవొద్దు, ముఖ్యంగా నువ్వు. మొదటి పుస్తకంలో డిసెంబరు సంచిక తలకిందులుగా ఉంటుంది, బెదిరిపోకు. ఆ బోయిగూడ బైండరు కుట్టడమే అట్లా కుట్టాడు. బాపు తిరిగి తీసుకుపోతే "చదివెటోనికి ఎట్లున్నా వస్తది సార్" అన్నాడట. బాపు వాపస్ వచ్చి మనకూ అదే చెప్పాడు. డిసెంబరు రాగానే పుస్తకం తిప్పి పట్టుకోండి.

ఇవి ఇచ్చినట్టు కాదు, పంపినట్టు. సైనిక్‌పురిలో పాత పత్రికలు కొనేవాడు ఒకడున్నాడని నువ్వు ఎప్పుడో అన్న మాట నేను మరిచిపోలేదు. పిల్ల పేరు చెప్పి తెప్పించుకుంటున్నావని నేను అనుకోవడం లేదు. అనుకోవడం లేదని రాతపూర్వకంగా చెబుతున్నాను.

మా విష్ణు చిన్నప్పుడు వాడికి చదివి వినిపించాలని ఎంతో చూశాను. రెండు పేజీలు విని "మమ్మీ, దీన్ని సినిమా తీసిండ్రా?" అన్నాడు. తీయలేదన్నాను. లేచిపోయాడు. తర్వాత పుస్తకాలు అటకెక్కించాను. పోయిన ఏడు దులుపుదామని దించి, కూర్చుని ఏడ్చాను. ఒక్కదాన్నే చదువుకుంటే ఏం బాగుంటుంది చెప్పు. నీ బిడ్డ అయినా విననీ.

నీ గాడిద అందులోనే ఉంటాడు, ఎక్కడికి పోతాడు.

అక్క,
సుకన్య


చిలకలగూడ,
20 జూలై 2025.

అక్కకు,

పుస్తకాలు క్షేమం. ఎవరికీ అమ్మలేదు. అమ్మలేదని నేను కూడా రాతపూర్వకంగానే చెబుతున్నాను.

రోజూ అన్నం తిన్నాక చదువుతున్నాం. నేను మంచానికి ఈ చివర, పిల్ల ఆ చివర, మధ్యలో ఇంకొకరు పడుకునేంత జాగా. చదువుతుంటే మాట్లాడదు. అయిపోయాక ప్రశ్నలు. "ఆ రాక్షసుడికి జీతం ఎవరిస్తారండీ?" "కోట చుట్టూ ముళ్లకంప ఉంటే పాలవాడు ఎలా వస్తాడండీ?" ఇన్నేళ్లలో నాకు ఈ అనుమానాలు రాలేదు. నవ్వు మాత్రం ఇంకా లేదు.

దేనికీ బెదరదు కూడా. పోయిన ఆదివారం లష్కర్ బోనాలు. మా గల్లీలోకి పోతురాజు వచ్చాడు. పసుపు పూసుకుని, కొరడా తిప్పుతూ, డప్పులతో. పక్కింటి పిల్లలు ఇంట్లోకి ఉరికారు. నా బిడ్డ అరుగు మీద నిలబడి అంతా చూసి, "ఆయనకి చలెయ్యదాండీ?" అంది. నేను దాన్ని ఎత్తుకుందామని చేతులు చాచి ఉన్నాను. అట్లాగే దింపేశాను.

అసలు విషయం ఏందంటే, దొర రాలేదు. మొదటి రోజు "వస్తడు ఆగు" అన్నాను. తర్వాత "వచ్చే నెల సంచికల వస్తడు" అన్నాను. ఒక పుస్తకం అయిపోయింది. డిసెంబరు తలకిందులుగా చదివాం, అందులో తలకిందులుగా కూడా లేడు. రెండోది నిన్న అయిపోయింది. పిల్ల నా ముఖం చూసింది, అంతే. ఆ చూపు నీకు తెలియదు, మా డివిజన్ ఆఫీసులో ఆడిట్‌కు వచ్చేవాళ్లు అట్లా చూస్తారు.

నువ్వు ఇంకో పుస్తకం ఆపుకున్నావు. నాకు తెలుసు. లేదా దొర ఉన్న పేజీలు చింపి దాచుకున్నావు. నీకు కూడా దొరంటే ఇష్టమే కదా. అడిగితే కాదంటానా? పిల్ల దసరా దాకానే ఉంటానంది అక్కా. నా దగ్గర ఉన్నది ఆ గాడిద ఒక్కటే. పంపు.

తిరుమల్


మంచిర్యాల,
29 జూలై 2025.

తిరుమల్‌కు,

నేను పేజీలు చింపానా? ఆ ఇంట్లో పత్రిక పాడుచేసింది ఒక్కడే. ఆగస్టు సంచిక అట్ట నమిలి మింగింది ఎవరు? బాపు నిన్ను తలకిందులు చేసి వీపు చరిచాడు. అట్ట మీది ఏనుగు తొండం మాత్రం బయటకొచ్చింది, మిగతా ఏనుగు రాలేదు. అందుకే ఆ సంచికకు అట్ట లేదు. నా మీద పడతావు!

ఉన్న మూడో పుస్తకం ఇదిగో పంపుతున్నాను. సీరియల్ ఇందులో అయిపోతుంది. పంపేముందు ప్రతి పేజీ తిప్పి చూశాను. గాడిద కాదు కదా, గాడిద తోక లేదు. మీ బావను అడిగాను. "మీ ఇంట్ల గాడిద గురించి నన్నెందుకు అడుగుతవ్?" అన్నాడు. నువ్వు వేరే ఎక్కడో చదివి ఉంటావు. నలభై దాటినంక మతిమరుపు మామూలే.

నీ అసలు సమస్య గాడిద కాదు. పిల్లకు కాకినాడ అనే తలుపు తెరిచి ఉంది, అందుకే ఇక్కడ కుదురుకోవడం లేదు. నువ్వు మొహమాటపడి చెప్పవని తెలిసి, నిన్న నేనే మీ అత్తమ్మ కామేశ్వరమ్మ గారికి ఫోన్ చేశాను. "పిల్ల వస్తనంటే రావద్దని చెప్పుండ్రి, మీరు మెత్తగుంటే అది అక్కడ ఉండది" అన్నాను. ఆమె "అలాగేనమ్మా" అంది. చాలా మంచి మనిషి, ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

ఇక పరేషాన్ కాకు. కృతజ్ఞతలు చెప్పడం మన ఇంట్లో అలవాటు లేదు కాబట్టి చెప్పకు.

సుకన్య


చిలకలగూడ,
17 ఆగస్టు 2025.

అక్కా,

చెప్పను. నువ్వు చేసిన పని విను.

రెండు వారాల కిందట పిల్ల బ్యాగు విప్పింది. గౌన్లు మడతపెట్టి బీరువాలో పెట్టుకుంది. నేను కౌంటర్లో పక్క సీటాయనకు చాయ్ తాగించాను. ఇంటికి వచ్చేటప్పుడు రస్మలాయి తెచ్చాను. "మా బిడ్డ ఉంటదట" అని వాచ్‌మన్‌కు కూడా చెప్పాను. ఆ పూట పిల్ల అన్నం తినలేదు, రస్మలాయి తినలేదు. ఎండకు అనుకున్నాను. మరునాడు కూడా తినలేదు. అప్పుడు రాధిక చెప్పింది. పిల్ల ఫోన్ చేస్తే వాళ్లమ్మమ్మ, "ఇక్కడికి రావొద్దమ్మా, మీ నాన్నగారింట్లోనే ఉండాలి" అందట. అక్షరం పొల్లుపోకుండా నువ్వు చెప్పిన మాటే. చెప్పి ఫోన్ పెట్టేసి, రాధికకు ఫోన్ చేసి ఏడ్చిందట, "నా దగ్గర మీ పిల్లని దాచుకున్నానన్నట్టు మాట్లాడింది మీ ఆడపడుచు" అని.

అంటే పిల్ల మా దగ్గర ఉండటానికి బ్యాగు విప్పలేదు. పోవడానికి ఎక్కడా చోటు లేదని విప్పింది. నేను రస్మలాయి తెచ్చాను. నాకు ఎంత సిగ్గేసిందో నీకు చెప్పలేను.

మూడో పుస్తకం నేను చదవకముందే అదే చదివేసింది. మిగతా రెండూ మళ్లీ మొదటినుంచి చదివింది. నిన్న మూడూ తెచ్చి నా ముందు పేర్చి, "ఇందులో గాడిద లేదండి. మీరు అబద్ధం చెప్పారు" అంది. "అమ్మమ్మ కూడా అబద్ధమే చెప్పింది, ఎప్పుడు కావాలంటే అప్పుడు రావొచ్చని" అంది. తర్వాత హోంవర్కు చేసుకుంది. ఇప్పుడు చదవడం బంద్.

దాని పక్కన కూర్చుని నేను ఒక్కణ్నే పేజీలు తిప్పాను. రాక్షసుడు పిల్లవాణ్ని కాళ్లు పట్టుకుని బావి మీద వేలాడదీసిన బొమ్మ ఉంది చూడు. దొర సరిగ్గా అక్కడ వస్తాడు. వచ్చి, "జెర ఆగుండ్రి, ముందు నా గొడుగు ఎవడు తీసిండో తేలాలె" అంటాడు. రాక్షసుడు పిల్లవాణ్ని కింద పెట్టి గొడుగు వెతుకుతాడు. నాకు ఆ గొంతుతో సహా గుర్తుంది. కానీ పేజీలో ఆ మాట లేదు. రాక్షసుడి చెయ్యి జారింది, అని ఉంది. పాముల గుహ దగ్గర కూడా దొర రావాలి, అక్కడా లేడు. భయం వేసే బొమ్మ ఉన్న ప్రతిచోటా నాకు దొర గుర్తున్నాడు.

అప్పటికి నాకు చదవడం రాదు కదా. నాకు చదివి వినిపించింది ఎవరు?

తిరుమల్


మంచిర్యాల,
24 ఆగస్టు 2025.

తమ్మీ,

నేనే.

ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. బావి బొమ్మ అన్నావు చూడు, అప్పుడు కొద్దిగా గుర్తుకొచ్చింది. బైండింగుకు నలగకూడదని బాపు కొత్త సంచికను బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. అన్నం తిన్నాక ఒక్కసారి బయటకు తీసేవాడు, చేతులు కడుక్కున్నామా లేదా వాసన చూసి మరీ ఇచ్చేవాడు. నేను చదవాలి, నువ్వు వినాలి. రాక్షసుడు రాగానే నువ్వు గుక్కపట్టి ఏడ్చేవాడివి. నువ్వు ఏడిస్తే బాపు వచ్చి "ఇగ సాలు, పండుండ్రి" అని పత్రిక లాక్కుని లైటు తీసేసేవాడు. తర్వాత ఏమైందో తెలియక నా ప్రాణం కొట్టుకునేది. నువ్వు ఏడవకుండా ఉంటేనే నాకు మిగతా కథ. అందుకని గాడిదను తెచ్చాను. నీ మీద ప్రేమతో కాదు. ఉత్తరం చదివి కరిగిపోయి ఫోన్ చేయకు.

గాడిదే ఎందుకు అంటే, బోయిగూడ కమాన్ దగ్గర ఇసుక మోసే గాడిదలు ఉండేవి, వాటిని చూస్తే నువ్వు ఏడుపు ఆపేవాడివి. అంతకు మించి ఏమీ లేదు. గొడుగు సంగతి నీ ఉత్తరంలో చదివేదాకా నాకు తెలియదు. ఆ పూటకు నోటికొచ్చింది అనేదాన్ని, మరునాటికి మరిచిపోయేదాన్ని. దొర ఎట్లా మాట్లాడతాడు, ఏం తింటాడు, నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. అన్నీ నీకే గుర్తున్నాయి. కాబట్టి నన్ను అడిగి లాభం లేదు, నా అటక మీద వెతికినా లాభం లేదు.

కామేశ్వరమ్మ గారికి మళ్లీ ఫోన్ చేశాను. చెప్పిందల్లా అట్లాగే చేసే మనిషి ఉంటుందని నేను అనుకోలేదు, మన ఇంట్లో అట్లాంటివాళ్లు లేరు. తప్పైందన్నాను. ఆమె మళ్లీ "అలాగేనమ్మా" అంది. దసరాకు పిల్లను పంపిస్తారని నేనే మాటిచ్చాను. నీ బిడ్డ తిరిగి రానంటే ఏం చేయాలో నాకు తెలియదు తమ్మీ. పంపకుండా మాత్రం ఉండకు. ఉండటానికి వేరే చోటు లేక మన దగ్గర ఉంటే, అదేం ఉండటం.

మీ బావ అడుగుతున్నాడు, గాడిద దొరికిందా అని.

అక్క


చిలకలగూడ,
14 సెప్టెంబర్ 2025.

అక్కా,

దొరికాడు. బావకు చెప్పు.

నీ ఉత్తరం వచ్చిన పూటే పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మమ్మ రమ్మంటోందనీ, వద్దన్నది మీ అత్త తెలివి అనీ ముందు చెప్పాను. ఏడ్చింది. వాళ్లమ్మ దగ్గర చాలాసేపు ఏడ్చి వచ్చి అన్నం తింది. రెండోసారి పప్పు వేయించుకుంది.

గాడిద సంగతి చెప్పడానికి మరి కొన్నాళ్లు ధైర్యం చాలలేదు. పోయిన శుక్రవారం చెప్పాను. "గాడిద పుస్తకంలో లేదమ్మా, అత్త కల్పించింది, నాకు తెలియదు, తెలియకనే నీకు మాటిచ్చాను" అన్నాను. "అయితే అబద్ధం కాదండి. తప్పు చెప్పారు" అంది. అవునన్నాను. "తప్పు చెప్తే మార్కులు పోతాయంతేనండి" అని, బీరువాలోంచి పుస్తకాలు తెచ్చింది. "దొర ఏం చేస్తాడో చెప్పండి."

బావి బొమ్మ తీశాను. గొడుగు సంగతి చెప్పాను, దొర గొంతు పెట్టి. నవ్వలేదు. "రాక్షసుడంటే నాకేం భయం లేదండి, ఇక్కడ దొర అక్కర్లేదు" అంది. తనే పుస్తకం లాక్కుని వెనక్కి తిప్పుకుంటూ పోయింది. సీరియల్ మొదటి పేజీ దగ్గర ఆగింది. ఆ బొమ్మ నీకు గుర్తుందో లేదో. యుద్ధం వస్తోందని రాణి పిల్లవాణ్ని పడవ నడిపే ముసలామెకు అప్పగిస్తుంది. రాజు పక్కన నిలబడి ఉంటాడు.

"ఇక్కడికి రమ్మనండి" అంది.

"ఇక్కడ రాక్షసుడు లేడు కదమ్మా."

"లేడండి. నాకు ఇక్కడే భయం."

అక్కా, ఆ పేజీకి దొర రావాలి. వచ్చి ఏమంటాడు? నువ్వు ఆ పూటకు నోటికొచ్చింది అనేదాన్నన్నావు. నాకూ వచ్చింది, మన బోయిగూడ మాటే వచ్చింది. "దొర గొడుగు మడిచిండు. 'నేను సుత పడవ ఎక్కుత, నాకు ఈత రాదు, జెర నా చెవి పట్టుకోండ్రి' అన్నడు."

"పిల్లాడు పట్టుకున్నాడాండీ?"

"పట్టుకున్నడు."

"గట్టిగానా?"

"గట్టిగా."

మంచం మీద ఈ చివరకు జరిగి వచ్చింది. బొమ్మలో రాజు మీద వేలు పెట్టింది. ఆయన ముఖం కనబడదు, ఏటికి వీపు పెట్టి నిలబడి ఉంటాడు. బొమ్మ వేసినాయనకు ముఖం వేయడం రాలేదేమో అని నేను అనుకునేవాణ్ని. "ఈయన ఎందుకండీ అటు తిరిగాడు?" అంది. ఏడుస్తున్నాడు, పిల్లవాడు చూడొద్దని తిరిగాడు అన్నాను.

"కాకినాడలో గేటు దగ్గర మీరూ ఇలాగే అటు తిరిగారండి" అంది.

అప్పటికి మూడేళ్ల పిల్ల. గుర్తుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. "అవునమ్మా, నేను సుత ఏడ్చిన" అన్నాను.

"ఏడ్చారా? నామీద కోపమనుకున్నానండి" అంది.

ఐదేళ్లు అక్కా. ఐదేళ్లుగా ఆ పిల్ల, నాన్నకు నామీద కోపం వచ్చి దింపేసి పోయాడనుకుంది. అందుకే నేను గదిలోకి వస్తే లేచి నిలబడేది. నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి అటు తిరగలేదు, అక్కడే దాని ముందే కూర్చుని ఏడ్చాను. అది నన్ను శ్రద్ధగా చూసింది. తర్వాత తన గౌను అంచుతో పుస్తకం మీద పడ్డ చుక్క తుడిచి, "పేజీ పాడవుతుందండి" అంది. అచ్చం బాపు.

ఇరవయ్యో తారీఖు బండికి నేనే దాన్ని కాకినాడ తీసుకుపోతున్నాను. నిన్న బ్యాగు సర్దుతుంటే, గోరింక ఒకటి పెట్టుకో, అక్కడ చదువుకోవచ్చు అన్నాను. నా చేతిలోంచి తీసుకుని మళ్లీ బీరువాలో పెట్టేసింది.

"వద్దండి. అమ్మమ్మకి దొర మాటలు రావు. నేనొచ్చాక మీరే చదవండి."

నీ తమ్ముడు,
తిరుమల్